తిట్ల తూకం

"రేపటి నుంచి మనది నిష్పక్షపాత పత్రిక" అని ఎడిటర్‌గారు సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. మరి ఇవాళ్టి దాకా ఏమిటని ఎవరూ అడగలేదు. అలా అడిగే అలవాటున్న వాళ్లంతా పాత ఎడిటర్ హయాంలోనే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు.

ఎడిటర్‌గారు సామాన్యులు కారు. నిష్పక్షపాతం అంటే ఏమిటని పెద్దపెద్దవాళ్లు తలలు పట్టుకుని కూర్చుంటే, దాన్ని కొలిచే సాధనం ఆయనకు స్నానం చేస్తుండగా తట్టింది. అధికార పక్షం తిట్టాలి, ప్రతిపక్షమూ తిట్టాలి. ఇద్దరూ సమానంగా తిడితే పత్రిక నిటారుగా ఉన్నట్టు. ఎవరైనా తిట్టడం మానేస్తే పత్రిక వాళ్ల వైపు ఒరిగినట్టు. ఇందుకోసం సబ్ ఎడిటర్ బల్ల మీద రెండు ఫోన్లు పెట్టించారు. ఎడమది అధికార పక్షానికి, కుడిది ప్రతిపక్షానికి.

"పొద్దున్నే ఇద్దరి తిట్లూ నువ్వు వినాలి. నెలాఖరుకి నిన్ను పర్మనెంట్ చేయాలో ఇంటికి పంపాలో ఆ ఫోన్లే చెప్తాయి" అన్నారు.

సబ్ ఎడిటర్ తలూపాడు. ఊపక ఏం చేస్తాడు? మొగుడు ఎప్పుడో పర్మనెంట్ అయిపోయాడని అతని భార్య పుట్టింట్లో చెప్పేసింది. అత్తగారు ఆ కబురు వీధంతా పంచింది. ఇప్పుడీ ఉద్యోగం ఊడితే అతను జన్మలో ఆ వీధి మొహం చూడలేడు.

మొదట్లో అంతా సవ్యంగా నడిచింది. ఎడమ ఫోన్ ఎత్తితే "ప్రతిపక్షానికి అమ్ముడుపోయారు" అనేవారు. కుడి ఫోన్ ఎత్తితే "సర్కారుకి అమ్ముడుపోయారు" అనేవారు. ఒకరోజు వాన పడే సూచన ఉందని వేస్తే, మంత్రిగారి సభ రోజునే వాన రాస్తారా అని ఎడమ ఫోన్ మండిపడింది. తీరా వాన పడకపోయేసరికి, ఎండకి జడవకుండా సభకి జనం రావాలని అబద్ధపు వాన రాశారని కుడి ఫోన్ ఎగిరిపడింది. సబ్ ఎడిటర్ ఇద్దరికీ ఒకే వినయంతో "చిత్తం సార్" అనేవాడు. ఎడిటర్‌గారు గది తలుపు సందులోంచి చూసి మురిసిపోయేవారు.

ఒకనాడు కుడి ఫోన్ మోగలేదు.

ఎడిటర్‌గారు గదిలోంచి బయటికొచ్చి ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు. లైను బాగానే ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

"అమ్ముడుపోయాం. అదీ ఊరికే" అన్నారు. "ఏం వేశావయ్యా ఇవాళ?"

సబ్ ఎడిటర్ ఆనాటి పేపర్ తెరిచి చూపించాడు. ముందు రోజు ఒక ప్రకటన ఆగిపోయి అరపేజీ ఖాళీ మిగిలితే, మంత్రిగారి ప్రసంగాన్ని కత్తిరించకుండా ఉన్నదున్నట్టు పోసేశాడు. అందుకు ఎడమ ఫోన్ అప్పటికే చెడామడా తిట్టింది. "మా మంత్రిగారు ఏం మాట్లాడారో అదే వేశారు. దీని వెనక ఎవరున్నారు?" అని.

"వెళ్లు. సాయంత్రం లోగా ప్రతిపక్షం చేత తిట్టించుకో. లేదంటే రేపట్నించి రాకు" అన్నారు ఎడిటర్‌గారు.

ప్రతిపక్షం ఆఫీసులో మీడియా కార్యదర్శి అతణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. సబ్ ఎడిటర్‌కి గుండె జారిపోయింది.

"మీ పేపర్ అద్భుతం" అన్నాడు కార్యదర్శి. "మంత్రి ప్రసంగం ఒక్క ముక్క మార్చకుండా వేశారు. ఆయన్ని అంతకంటే బాగా మేం మాత్రం ఏం తిట్టగలం?"

"అలా అనకండి సార్. మమ్మల్ని ఏదో ఒకటి తిట్టండి. పిల్లలు కలవాణ్ణి."

"కారణం లేకుండా ఎలా తిడతామయ్యా? జనంలో మాకో మర్యాద ఉంది."

సబ్ ఎడిటర్‌కి ఏడుపొక్కటే తక్కువ. కాస్త ఆలోచించి, "పోనీ మంత్రిగారికి అరపేజీ ఇచ్చాం కదండీ, మీ నాయకుడికి మూల కూడా ఇవ్వలేదు" అన్నాడు.

కార్యదర్శి పేపర్ తెరిచి చూశాడు. చూస్తూండగానే మొహం ఎర్రబడింది. "ఎంత అన్యాయం. అమ్ముడుపోయిన వెధవల్లారా" అంటూ లేచాడు.

"ఫోన్‌లో అనండి సార్, ఇక్కడంటే లెక్కలోకి రాదు" అని సబ్ ఎడిటర్ టీ అక్కడే వదిలేసి ఆఫీసుకి పరుగెత్తాడు. అతను వెళ్లేసరికి కుడి ఫోన్ మోగుతోంది. ఆ తిట్లు వింటుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆ గండం గడిచింది గాని, సరిగ్గా నెలాఖరు రోజున ప్రింటింగ్ మిషన్ పాడైంది. ఊళ్లో ఒక్క కాపీ కూడా పడలేదు. సబ్ ఎడిటర్ పొద్దున్నే వచ్చి రెండు ఫోన్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. పేపరే లేదు, తిట్లెక్కడివి? అత్తగారికి ఏ అబద్ధం చెప్పాలా అని వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఎడమ ఫోన్ మోగింది.

"సిగ్గులేదూ మీకు? పొద్దున్నే మీ పేపర్ చూసి మా మంత్రిగారు కాఫీ కూడా ముట్టుకోలేదు."

"ఇవాళ్టి పేపరేనా సార్?"

"మరి? నిన్నటిది నిన్ననే తిట్టాం కదా."

ఆ ఫోన్ పెట్టాడో లేదో కుడిది మోగింది.

"మా నాయకుడి ఫొటో మళ్లీ చిన్నదే వేశారు."

"ఎంత చిన్నగా పడింది సార్?"

"కనిపించనంత. మీ పక్షపాతానికి ఇంకేం రుజువు కావాలి?"

సబ్ ఎడిటర్ మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. పేపర్ ఎందుకు రాలేదని అడగడానికి ఒక్క పాఠకుడూ ఫోన్ చేయలేదు.

జరిగింది విని ఎడిటర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇద్దరూ సమానంగా తిట్టారా?"

"ఎక్కువా తక్కువా లేకుండా తిట్టారండి."

"ఇంత నిష్పక్షపాతంగా మన పత్రిక ఎప్పుడూ రాలేదయ్యా" అని అక్కడికక్కడే పర్మనెంట్ ఆర్డర్ మీద సంతకం చేసి చేతిలో పెట్టారు. చెవిలో ఇంకో మాట కూడా చెప్పారు.

సబ్ ఎడిటర్ ఆర్డర్ జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. మెకానిక్ పనిముట్ల సంచీతో ఎదురయ్యాడు.

"మిషన్ పాడైందన్నారు, ఎక్కడుంది సార్?"

"పాడవలేదయ్యా, ఇప్పుడే బాగుపడింది. నువ్వు ముట్టుకోకు."