మొక్కిన నాటి బరువు

ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం ఆరున్నరకు సత్యప్రసాద్ బరువు చూసే మిషను మీద నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, తొంభై మూడు కిలోలని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తణుకులో ఒక చక్కెర మిల్లు ల్యాబులో అతడు ఇరవై ఆరేళ్ళుగా చెరకు రసంలో తీపి శాతం కొలుస్తున్నాడు. కొలవని సంగతిని నమ్మడం అతడికి చేతకాదు.

ఆనాటి ప్రణాళిక చాలా సాధారణమైనది. కుడి మోకాలు కొన్ని నెలలుగా అతడిని మెట్లెక్కనివ్వడం లేదు. డాక్టర్ హెలెన్ ఎక్స్‌రే చూసి, "మూడు నెలల్లో ఎనభై ఏడుకి రండి. రాకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం," అన్నారు. సత్యప్రసాద్‌కు కత్తి అంటే భయం. ఆ భయం అశాస్త్రీయమని తెలుసు; తెలిసినంత మాత్రాన అది తగ్గలేదు. అందుకని ఉదయం, రాత్రి భోజనానికి బదులుగా తాగే షేకు పొడి డబ్బాలు రెండు కొన్నాడు. డాక్టరుగారు లేబులు పూర్తిగా చదివి, "మొదలెట్టడానికి పనికొస్తుందండి. అలాగని జీవితాంతం డబ్బాలోంచి బతకలేరు. మధ్యాహ్నం అన్నం, కూర మానకండి," అని అనుమతిచ్చారు.

ఇంట్లో వాళ్ళు దాన్ని మోకాలి మందు అనుకున్నారు. రెండు వారాలు శాంతియుతంగా గడిచాయి. పదిహేనో రోజున బల్ల తుడుస్తూ అతడి భార్య ఉషారాణి నోటుపుస్తకం తెరిచింది.

"ఏంటండీ ఇది? తొంభయ్యా?"

"తొంభై పాయింట్ ఎనిమిది," అన్నాడు సత్యప్రసాద్, కొంత గర్వంతో.

"ఎవర్నడిగి తగ్గారు?"

ఈ ప్రశ్నకు సమాధానం ఏ ల్యాబులోనూ లేదు. నిరుడు వానాకాలంలో సత్యప్రసాద్‌కు డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో పడివున్నప్పుడు, అతడు లేచి తిరిగితే ఎత్తుకు ఎత్తు బెల్లం తూచి ఇస్తానని ఉషారాణి గ్రామదేవతకు మొక్కుకుంది. అతడు లేచి తిరిగాడు. సెలైను వల్లనని అతడు, అమ్మవారి వల్లనని ఆమె నమ్ముతూ అయిదు నెలలుగా కలిసి కాపురం చేస్తున్నారు. ఏప్రిల్ ఆఖరున జాతర. తొంభై మూడు కిలోల బెల్లానికి ఆమె అప్పుడే కబురు పెట్టింది.

"అయితే తొంభై మూడూ ఇచ్చెయ్. నేను కాదన్నానా?"

"తూగాలండీ! ఓ పళ్ళెంలో మనిషి, ఓ పళ్ళెంలో బెల్లం. తూగకపోతే అది మొక్కెలా అవుద్ది?"

వంటింటి గడపలోంచి అత్తగారు పెద్దింట్లమ్మ తొంగి చూసింది. సత్యప్రసాద్ ఇల్లరికపుటల్లుడు. అమ్మవారి వ్యవహారాల్లో ఆమె తీర్పుకు పై కోర్టు లేదు.

"అల్లుడుగారూ, అమ్మవారికి అప్పుడు మనిషిని మొత్తం చూపించి, తీరా ఇచ్చేటప్పటికి మనిషిలో కొంత దాచేస్తారా?"

ఆ రోజు నుంచి దాచినదాన్ని తిరిగి రాబట్టే పని మొదలైంది. పొద్దున్నే పెసరట్టు ఉప్మా, దాని వెనక నేతి గారెలు, మధ్యాహ్నం పనసపొట్టు కూర, సాయంత్రం సున్నుండలు. అత్తగారు వడ్డించింది కాదనడం ఇల్లరికంలో కుదిరే పని కాదు. సత్యప్రసాద్ అన్నీ తిని, ల్యాబుకు వెళ్ళి, తలుపు వేసుకుని, ప్రణాళిక తప్పకూడదని షేకు కూడా తాగేవాడు. భోజనానికి బదులు తాగవలసినది భోజనానికి తోడైంది. రెండు వారాలకు మిషను తొంభై మూడున్నర చూపింది. అతడు ఆ అంకెనూ నిజాయితీగా రాసుకున్నాడు. మోకాలు దాన్ని రాయకుండానే గుర్తుపెట్టుకుంది.

ఈలోగా మాట వీధిలోకి పోయింది. ప్రసాద్ గారింట్లో ఏదో పొడి ఉందనీ, తాగితే మొక్కు తగ్గుతుందనీ ఊరు గ్రహించింది. ఒక ఉదయం కొబ్బరికాయల వ్యాపారం చేసే త్రిమూర్తులు వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ప్రసాద్ గారూ, ఆ పొడి ఓ నాలుగు చెంచాలు దొరుకుద్దాండి?"

"మీకెందుకండీ? మీరు బక్కగానే ఉన్నారుగా?"

"నాక్కాదండి, మా బావమరిదికి. మొక్కింది నేను, తూగాల్సింది ఆడండి. నూటపది కిలోలుంటాడు. మొక్కేటప్పుడు మనిషిని సరిగ్గా చూసుకోలేదండి."

ఆ వారంలో అలాంటి భక్తులు మరో ఆరుగురు వచ్చారు. రెండో డబ్బా కాగితం పొట్లాలుగా ఊరంతా వెళ్ళిపోయింది.

ఎనిమిదో మనిషి పొడి కోసం రాలేదు. అతడు ఉషారాణి పెదనాన్న కొడుకు పల్లంరాజు, జాతర కమిటీకి పెద్ద.

"బావా, నీ డబ్బా దెబ్బకి ఈ ఏడు బెల్లం సగానికి పడేలా ఉంది. మూడొందల గడపలకి ప్రసాదం పంచాలి. ఏం పంచమంటావ్, నీ పొడా?"

"బరువు తగ్గడానికీ భక్తికీ సంబంధం లేదు పల్లంరాజూ."

"అది కమిటీలో చెప్పు బావా."

ఆదివారం సాయంత్రం అమ్మవారి గుడి షెడ్డులో కమిటీ కూర్చుంది. వాదోపవాదాలు గంభీరంగా సాగాయి. చివరకు పల్లంరాజు లేచి తీర్మానం చదివాడు: మొక్కిన నాటి బరువే బరువు, జాతరనాడు మనిషి ఆ బరువుకు తూగాలి, ఆ బరువెంతో మొక్కినవారు ఆధారం చూపాలి.

ఆధారం అన్న మాట వినగానే సత్యప్రసాద్ ముఖం విప్పారింది. ఆ షెడ్డులో ఆ మాట వినిపించడం అతడికి తెలిసి అదే మొదటిసారి. వెంటనే ఇంటికి కుంటుకుంటూ వెళ్ళి ఆసుపత్రి ఫైలు తెచ్చాడు. పల్లంరాజు మొదటి కాగితం తీసి, నర్సు రాసిన అంకెను రెండుసార్లు చూసి, పైకి చదివాడు.

"ఎనభై ఆరు."

కమిటీ అంతా ఫైలు మీదికి వంగింది.

"ఎనభై ఆరేంటి?" అంది పెద్దింట్లమ్మ. "మరి ఆ పైన ఉన్న ఏడు కిలోలూ ఎవరియ్యి?"

"మీవేనండి అత్తయ్యగారూ," అన్నాడు సత్యప్రసాద్ వినయంగా. ఆసుపత్రి నుంచి వచ్చాక నీరసం పోవాలని ఆమె పెట్టిన సున్నుండలు అందరికీ గుర్తుకొచ్చాయి.

"పోనీ లెండి," అంది ఉషారాణి. "ఎక్కువే కదా ఇస్తున్నాం. అమ్మవారు కాదంటుందా?"

పెద్దింట్లమ్మ ముఖం పాలిపోయింది. "వొద్దే తల్లీ! ఎక్కువిస్తే వచ్చే జొరానికి ఇప్పుడే ముట్టజెప్పినట్టు. తీసుకున్నాక ఆవిడ మాత్రం జొరం పంపకుండా ఎలా ఉంటుంది?"

కమిటీకి ఈ తర్కంలో లోపం కనబడలేదు. సత్యప్రసాద్‌కు నాలుగు కనబడ్డాయి. కానీ అది చేరుకున్న అంకె అతడి మోకాలికి అవసరమైన అంకె కాబట్టి నాలుగింటినీ మింగేశాడు. అమ్మవారు డాక్టరుగారికంటే ఒక కిలో ఎక్కువ కఠినంగా ఉన్నారు, అంతే తేడా.

ఆ రాత్రే సున్నుండల డబ్బా బీరువాలోకి వెళ్ళింది. తాళంచెవి పెద్దింట్లమ్మ బొడ్డున చేరింది. షేకు డబ్బాలు ఆమే తెప్పించింది. లేబులు మీద ఇంగ్లీషులో ఏం రాసుందో కూతురి చేత చదివించుకుని, చెంచా తలగొట్టి కొలిచి, ఉదయమూ రాత్రీ ఎదురుగా నిలబడి తాగించింది. మధ్యాహ్నం కొలిచిన అన్నం, పప్పు, ఆకుకూర. బజ్జీల బండి దగ్గర సత్యప్రసాద్ స్కూటరు నెమ్మదిస్తే చాలు, ఎక్కడినుంచో పల్లంరాజు గొంతు వినిపించేది: "బావా, అమ్మవారు చూస్తంది!" శాస్త్రం చెప్పినప్పుడు వినని ఊరు, శాస్త్రం చెప్పినదాన్నే ఏడు వారాలపాటు అక్షరం తప్పకుండా అమలు చేసింది.

జాతరనాడు తక్కెడ ముందు జనం కిక్కిరిశారు. ఒక పళ్ళెంలో ఎనభై ఆరు కిలోల బెల్లం దిమ్మలు పేర్చారు. రెండో పళ్ళెంలో సత్యప్రసాద్ పద్మాసనం వేయలేక కాలు చాపుకుని కూర్చున్నాడు. డప్పులు ఆగాయి. తక్కెడ ఊగి, ఊగి, బెల్లం వైపు వేలెడంత వాలి నిలిచిపోయింది.

"చాల్లేదు," అన్నాడు పల్లంరాజు.

ఉషారాణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బెల్లం ముక్క తీసేద్దామంటే అమ్మవారి వాటా. మనిషికి కలుపుదామంటే కలిపేదేముంది? పెద్దింట్లమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. ఉదయం హడావుడిలో తాగించడం మరిచిన షేకు సీసాలోనే ఉంది. దాన్ని అల్లుడి చేతిలో పెట్టింది.

"తాగండి అల్లుడుగారూ. మొత్తం తాగండి."

సీసా చేతిలో పడగానే ముల్లు నడిమికి వచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని, మూడు వందల గడపల జనం చూస్తుండగా, సత్యప్రసాద్ చివరి చుక్కదాకా తాగాడు. డప్పులు మోగాయి.

తరువాతి వారం డాక్టర్ హెలెన్ మోకాలు వంచి, చాపి, నాలుగు అడుగులు నడిపించి చూశారు. "ఎనభై ఆరు! ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదండి. ఇదే నిలబెట్టుకోండి. ఇంత క్రమశిక్షణ ఎలా వచ్చింది?"

సత్యప్రసాద్ కేలరీల గురించి చెప్పడానికి నోరు తెరిచాడు.

"అంతా అమ్మవారి దయండి," అంది వెంట వచ్చిన పెద్దింట్లమ్మ. "మోకాలికి కత్తి పడకుండా ఉంటే మళ్ళీ ఎత్తు బెల్లం ఇస్తానని నిన్ననే మొక్కుకున్నాను."

సత్యప్రసాద్ నోటుపుస్తకం తీసి, నిన్నటి తేదీ, నిన్నటి బరువు రాసి, కింద అత్తగారి చేత సంతకం చేయించుకున్నాడు.