మోకాలి దగ్గర ఆగిన గంజాయి

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే బ్లియా నార గంజాయి విత్తడానికి కొండచేనికి బయల్దేరింది. ఈసారి బట్ట అత్తగారి కోసం. ఒంటిమీద గంజాయి నార బట్ట లేకుండా చనిపోతే, పైలోకంలో తాతముత్తాతలు మనిషిని గుర్తుపట్టరు. ఎనభై రెండేళ్ల అత్తగారు రెండు పూటలా పంది మాంసం అడిగి మరీ తింటోంది. అయినా బ్లియా గుండెల్లో గుబులే.

పొయ్యి మీద పొగకు వేలాడే వెదురు గొట్టంలోంచి విత్తనాలు తీసింది. నిరుడు అన్నిటికన్నా పొడుగెదిగిన మొక్కల తాలూకువి. వాటిని ఒత్తుగా చల్లింది. ఒత్తుగా ఉంటే కొమ్మలేసే తీరిక లేక, వెలుగు కోసం తోసుకుంటూ నిటారుగా పోతాయి.

రెండు నెలలకు మనిషి ఎత్తు దాటాల్సిన మొక్కలు మోకాలి దగ్గరే ఆగి, గుబురుగా కొమ్మలేసుకుని కూర్చున్నాయి. అత్తగారి ఆయుష్షు కూడా అంతేనని బ్లియాకు తోచింది. ఆవిడ పేర కోడిని కోయించింది. చాలలేదనిపించి పూజారిని పిలిచింది. ముసలామె ప్రాణం ఎక్కడో తిరుగుతోంది, పిలవాలి, పంది కావాలి అన్నాడతను. ప్రాణాన్ని పిలుస్తున్నారన్న కబురు రెండు కొండలు దాటేసరికి ప్రాణం పోతోందన్న కబురైంది. మూడూళ్ల చుట్టాలు బియ్యంతో దిగారు. మరిది శవపేటికకు చెక్కలే మోసుకొచ్చాడు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఎవరు పోయారే బ్లియా? నాకు చెప్పనేలేదు."

మరిది చెక్కల్ని వెనక్కి దాచుకున్నాడు. అప్పుడే విత్తన పరిశోధన కేంద్రంలో పనిచేసే బ్లియా కూతురు పా కూ, నానమ్మ కోసం ఏడుస్తూ వచ్చింది. దారిలో చేను చూసి ఏడుపు మానేసింది.

"అమ్మా, అవి మా పొట్టి రకం. మందుకు పనికొచ్చే పూల కోసం పెంచుతాం. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు, ఎలకలు తింటాయని నేనూ ఒక గొట్టం పొగలో కట్టా. మన గొట్టం నేను పట్టుకుపోయినట్టున్నా."

"మరి మన విత్తనాలేవే?"

"మా కేంద్రంలో మొలిచి, పైన కట్టిన వల చించుకుని ఎదిగాయి. పొట్టి రకం ఇలా ఎందుకెదిగిందో తెలీక మా సారు నిచ్చెనెక్కి కొలుస్తున్నాడు."

గుబురు మొక్కలు కేంద్రానికి వెళ్లాయి, పొడుగు కాడలు ఇంటికొచ్చాయి. వచ్చిన చుట్టాలు ఊరికే కూర్చోలేక నార చీల్చి, కొసకు కొస కలిపి వడికారు. కొత్త సంవత్సరం పండుగకు బట్ట మగ్గం దిగింది.

అత్తగారు దాన్ని చెంపకు ఆనించుకుంది. "ఇంత మంచి గుడ్డ మట్టిలో పెడతారటే? పండక్కి కట్టుకుంటాను. మట్టిలో పెట్టేదానికి మళ్లీ విత్తుకో."

మరిది తెచ్చిన చెక్కలు పందుల దొడ్డి తలుపుకు సరిగ్గా సరిపోయాయి.