స్లాబ్ మీద బావ

ఆ పౌర్ణమి పొద్దున అమరేందర్ కోరిక ఒక్కటే. కొత్తగా కట్టిన పై అంతస్తులో సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి, యాదయ్య బావ చేతిలో తానే ప్రసాదం పెట్టాలి. తమ్ముడి పెళ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదన్న కోపంతో బావ ఈ గడప తొక్కడమే మానేశాడు. అక్క ఎంత బతిమాలిందో గాని, ఈసారి వస్తానన్నాడు.

పంతులు కలశం నిలిపాడు. చుట్టాలు మెట్లెక్కి వస్తున్నారు. అప్పుడే కూతురు వైశాలి ఫోన్‌కు ఒక బొమ్మ పంపింది. సాగర్ రోడ్డు మీది ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెది ఆఖరి సంవత్సరం. సొంతింటి స్లాబ్ కొలతలను కంప్యూటర్‌లో ఎక్కించి, బరువు పడితే ఏమవుతుందో చూడడం ఆమె ప్రాజెక్టు. బొమ్మలో లావుపాటి ఎర్రగీత ఒకటి గోడల దగ్గర పైన ఉండి, నడుమకొచ్చేసరికి బావిలోకి దిగినట్టు దిగింది. "బాపూ, ఇది మన స్లాబ్. జనం కూసుంటె ఇట్ల వంగుతది. సార్ మస్తు మెచ్చుకున్నడు" అని కింద రాసింది.

"కూలేటిదాన్ని మెచ్చుకునుడేంది?" అని గొణుక్కుంటూ అమరేందర్ ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

వ్రతం కిందికి మారుద్దామంటే నిలిపిన కలశాన్ని కదపరాదు. శుభమా అని పిలిచిన చుట్టాలతో స్లాబ్ బాగాలేదని అనలేడు. గోడల దగ్గర గీత వంగలేదు కనుక అందరినీ గోడల పొంటి కూర్చోబెట్టసాగాడు.

"నడుమంత ఖాళీ పెడ్తున్నవేంది?" అంది భార్య హిమజ.

"అంచులకు గాలి మంచిగొస్తది."

"ఫ్యాన్ నడుమనే ఉన్నది గద."

నడుమ పీట దగ్గరున్న పంతులు సన్నటి మనిషి కాబట్టి ఆయన జోలికి పోలేదు. స్వామిని రమ్మని పిలిచి, ఆయనను కూర్చోబెట్టిన నేలను నమ్మకపోవడం ఏం భక్తి అని మనసు ఒకసారి అడిగింది. జవాబు దొరికేలోపే మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి.

యాదయ్య బావ పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. యాచారం నుంచి వచ్చే ఆటోలో ఆయన ఎక్కితే వెనక సీటులో అక్కకు కూడా చోటు తక్కువే. వచ్చినవాడు తిన్నగా పీట ముందుకు, హాలు నడిమధ్యకు నడిచాడు. అమరేందర్ చెయ్యి పట్టి ఆపాడు.

"గక్కడ గాదు బావా. జర ఇటు."

చూపించిన చాప తలుపు పక్కన, గోడకు ఆనుకుని ఉంది. దాని పక్కనే అందరి చెప్పులు.

"ఇక్కడికెళ్లి దేవుడు మంచిగ కనిపిస్తడు బావా."

"అవ్, చెప్పులు గూడ మంచిగ కనిపిస్తున్నయ్."

అయినా వెంట వచ్చిన అక్క మొహం చూసి కూర్చున్నాడు. ఇంతలో పంతులు మంచి మనసుతో, "బావగారు ముందుకు రావాలి" అని పిలిచాడు. యాదయ్య లేచాడు. అమరేందర్ అడ్డంగా నిలబడ్డాడు.

"పదిమందిల అడ్డం నిలవడ్డవ్. పిలిచింది ఇందుకేనా?" యాదయ్య కండువా భుజాన వేసుకున్నాడు. "మీ ప్రసాదం మాకొద్దు. పోతున్న."

స్వామి ప్రసాదం కాదని ఇంటల్లుడు వెళ్లిపోవడమా? అమరేందర్ మెట్ల దాకా ఆయన వెంటపడ్డాడు. అంతలో కాలేజీ సంచీతో వైశాలి మెట్లెక్కి వచ్చింది.

"యాడికి మామా?"

"మీ బాపునడుగు."

అమరేందర్ ఫోన్ చూపించాడు. "నువ్వే పంపినవ్ గద బిడ్డా. బావ నడుమ కూసుంటె స్లాబ్ ఏమైతదోనని..."

వైశాలి నవ్వు ఆపుకుంది. "వంగుడు కనవడాలని బొమ్మల దాని కొలత సాగదీసిన బాపూ. మామూలుగ పెడితే సార్‌కు ఏం కనవడలేదు. ఎర్రరంగు, లావు గీత, అన్నీ నేనే పెట్టిన. ఇల్లు నిండ జనం కూసున్నా అటుకు మందం గూడ వంగదు."

సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి కొలత మార్చింది. బావి పూడిపోయింది. గీత చాప పరిచినట్టు పడుకుంది.

యాదయ్య దాన్ని చూసి, బామ్మర్దిని చూశాడు. "అంటే కోపంతోని గాదా? నా బరువుకు భయపడా?"

"నీకేమన్న అయితే అక్క మొహం ఎట్ల చూడాలె బావా?" అన్నాడు అమరేందర్.

యాదయ్య వెనక్కి తిరిగాడు. వెళ్లి నడిమధ్యలో మఠం వేసుకుని కూర్చున్నాడు. పంతులు మంత్రం ఎత్తుకోబోతుండగా చెయ్యెత్తి ఆపాడు.

"బిడ్డా, నా ఒక్కని బరువు పెట్టి చూడు."

వైశాలి పెట్టింది. గీత కదిలినట్టు కనిపించలేదు.

యాదయ్య మొహం చిన్నబోయింది. "జర గూడనా?"

"లేదు మామా."

"ఎట్లయితది? నేనెక్కితె ఆటో ఒరుగుతది. ఆ సాగదీసిన కొలతనే పెట్టు."

వైశాలి పెట్టింది. ఎర్రగీత నడుమ చక్కటి సొట్ట పడింది. యాదయ్య దాన్ని భార్యకు, పంతులుకు, గోడల పొంటి ఉన్న అందరికీ చూపించి, తన ఫోన్‌కు పంపించుకున్నాడు.

వ్రతమయ్యాక అమరేందర్ చేతి ప్రసాదాన్ని ఆయన అడిగి మరీ రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఆ బరువును మాత్రం ఎవరూ లెక్కలో ఎక్కించలేదు.