విశ్వనాథం మామయ్య జగ్గు

శనివారం పొద్దున్నే శ్యాంసుందర్ తన పథకాన్ని భార్య సుమలత చెవిలో వేశాడు. మధ్యాహ్నం భోజనానికి జర్మన్ బాస్ హెల్ముట్ వస్తాడు. ఆయనిచ్చిన తెల్ల వైన్ ఆయనకే పోసి, దానికి తగిన వంట వడ్డించాలి. సోమవారం టెస్టింగ్ టీమ్ లీడర్ కుర్చీలో కూర్చోవాలి.

వైన్ వాసన కూడా ఎరగని మనిషికి ఈ తిప్పలెందుకంటే, వన్-నార్త్‌లోని తన ఆఫీసు పార్టీలో "రీస్లింగ్ వైన్ అంటే నాకు ప్రాణం" అని కోతలు కోశాడు. హెల్ముట్ మురిసిపోయి తన ఊరి సీసా ఒకటి చేతిలో పెట్టాడు. "దీనికి ఏ వంట నప్పుతుందో మీ ఇంట్లో చూపించు" అన్నాడు. కంప్యూటర్ తెలిసినవాడికల్లా ఉద్యోగం దొరుకుతున్న 2007లో కూడా ఆ కుర్చీ ఒక్కటే ఉంది.

ఆ వైన్‌కు పులుపూ కారమూ బాగుంటాయని ఇంటర్నెట్ చెప్పింది. శ్యాంసుందర్ నమ్మలేదు.

"జర్మన్లకి కారమేంటి, నాన్సెన్స్! చేప ఉడకబెట్టు. ఉప్పు కూడా ఆలోచించి వెయ్యి."

"ఏమండీ, ఆయనొచ్చేది భోజనానికా, హాస్పిటల్‌కా?" అంది సుమలత.

అసలు భయం వేరే ఉంది. శ్రీకాకుళం నుంచి ఈ పరదేశానికి వచ్చిన అత్తగారు అరుణమ్మ ఇంట్లో మందు సీసా చూస్తే, కూతుర్ని తీసుకుని తర్వాతి విమానం ఎక్కేస్తుంది. అందుకని రాత్రే వైన్‌ను ఒక స్టీలు జగ్గులోకి వొంపి, ఫ్రిజ్‌లో పెట్టి, ఖాళీ సీసాను లాప్‌టాప్ సంచిలో దాచాడు. గుర్తు కోసం జగ్గు మీద చెక్కిన పేరు చూసుకున్నాడు: విశ్వనాథం మామయ్య, పెళ్ళి కానుక.

మామయ్య రెండు జగ్గులిచ్చాడన్న సంగతి పాపం మరిచిపోయాడు. రెండోదాంట్లో అరుణమ్మ తరవాణి పోసి అదే ఫ్రిజ్‌లో పెట్టుకుంది. అన్నం, గంజి కలిపి పులియబెట్టిన ఆ నీళ్ళు లేనిదే ఆమెకు పూట గడవదు.

హెల్ముట్ బుకిట్ పంజాంగ్‌లోని వాళ్ళ ఫ్లాట్ చేరేసరికి శ్యాంసుందర్ గరాటు పెట్టి జగ్గును సీసాలోకి ఎత్తేశాడు. హాల్లో గ్లాసులు నింపి, సీసాను సోఫా వెనక పెట్టాడు. హెల్ముట్ ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

శ్యాంసుందరూ చప్పరించాడు. ఎక్కడో తాగినట్టే ఉంది. అయినా బట్టీ పట్టింది వదల్లేదు. "పచ్చి ఆపిల్, నిమ్మ, వాన తడిపిన పలకరాయి! ఆహా!"

"మరి ఈ మెతుకు?" అన్నాడు హెల్ముట్ గ్లాసు చూపిస్తూ.

"పాతకాలపు పద్ధతి సార్. వడకట్టరు."

అప్పుడే అరుణమ్మ చేపల పులుసు గిన్నెతో వచ్చింది. ఉడకబెట్టిన చేప అతిథికి పెట్టడం ఆమె వల్ల కాలేదు.

"బాబూ, నా తరవాణి ఏటయ్యింది? ఆ జగ్గులోది రుచి చూసినాను, మనది కాదు. పుల్లగా బాగుందని పులుసులో వొంపేసినాను. ఏటది?"

"ద్రాక్షరసమమ్మా" అంది సుమలత.

శ్యాంసుందర్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. ఏడో అంతస్తులో ఆ సౌకర్యం లేదు. తలొంచుకుని ఉన్నదంతా ఇంగ్లీషులో ఒప్పుకున్నాడు.

హెల్ముట్ పులుసు మూడుసార్లు వడ్డించుకుని, చెమట తుడుచుకున్నాడు.

"మా వైన్‌కి సరైన చోటు ఇదే" అన్నాడు. "టెస్టింగ్‌కి తేడా పట్టేవాళ్ళు కావాలి. అది ఆంటీకి వచ్చు. గంజినీళ్ళలో పలకరాయి చూపించిన నువ్వు ఆ కుర్చీకి పనికిరావు."

సోమవారం శ్యాంసుందర్‌ను జీతం పెంచి సేల్స్‌కు మార్చారు; అక్కడ సరుకు రుచి తెలియాల్సిన అవసరం లేదు.