మైనాకు బయానా

సోమవారం పొద్దున దివాకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి షోరూం తెరవాలి. అద్దాల వెనక నిలబెట్టిన కొత్త కారు మీది గుడ్డ తీయాలి. సాయంత్రంలోగా ఒక్కడి చేతనైనా బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టించాలి. వచ్చే సోమవారం, పదిహేనో తారీఖులోగా అలాంటి సంతకాలు పన్నెండు కావాలి. లేకపోతే కల్వకుర్తి బ్రాంచి మూసేసి అతన్ని ఆదిలాబాద్ పంపిస్తామని హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది.

పదేళ్లలో ఆరు ఊళ్లు తిరిగాడు దివాకర్. భార్య సుమన ఇక్కడి బడిలో టీచర్. మొగుడూ పెళ్లాం ఒకే ఇంట్లో అన్నం తినడం మొదలై రెండేళ్లయింది. ఏడో ఊరు చూసే ఓపిక అతనికి లేదు.

కారు పేరు మైనా. లోపల అంతా కొత్త సరుకే గాని, పైకి యాభై ఏళ్ల కిందటి కారులా ఉంటుంది. గుండ్రటి లైట్లు, మెరిసే బంపరు, మీగడ రంగు. షోరూం ఊడ్చి చాయ పెట్టే అండాలు దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"మా మామ గిసుంటి కార్లనే పెండ్లికి వొయిండంట సార్. పైసలు వెట్టి మల్ల పాతదే కొంటరా?"

దివాకర్ కారు మీది గుడ్డ మడతపెట్టాడు. పైసలు ఎన్నో అతనికీ తెలియదు. పదిహేనున కంపెనీ ప్రకటిస్తుంది. అప్పటిదాకా పదకొండు వేలు కట్టి పేరు రాయించుకోవచ్చు. వద్దనుకుంటే వాపసు.

పదింటికి లింగస్వామి వచ్చాడు. ప్లాట్లు అమ్మిపెట్టే మనిషి. ఎదురుగా ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్వర్ ఆగినప్పుడల్లా ఏసీ కోసం ఇక్కడ కూర్చుంటాడు.

"ఎంత సారు దీని రేటు?" కారు వైపు చూడకుండానే అడిగాడు.

"ఇంక చెప్పలే. పదిహేను తారీఖు చెప్తరు."

లింగస్వామి చాయ గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో, రేటు చెప్పకుండా దాటేసే పట్టాదారు కనిపిస్తే అతనికి అర్థమయ్యేది ఒక్కటే. రేటు పెరగబోతోంది.

"బయానా ఎంత?"

"బుకింగ్ పదకొండు వేలు. వద్దంటె వాపస్ ఇస్తం."

"కాయితం ఇస్తరా?"

"రసీదు ఇస్తం."

"నడుమ పేరు మార్చుకోవచ్చునా?"

దివాకర్ ఫారం తిరగేశాడు. కారు చేతికొచ్చేలోగా పేరు మార్చుకోవచ్చని తొమ్మిదో షరతు. అదే చెప్పాడు.

"అయితె నాలుగు రాయి."

"నాలుగు కార్లు ఏం జేస్కుంటవ్ లింగస్వామన్నా?"

"కార్లెవరికి గావాలె సారు. కాయితాలియ్యి."

దివాకర్ అక్కడే ఆగి ఉండాల్సింది. కాని పన్నెండులో నాలుగు ఒక్క గ్లాసు చాయకు వస్తుంటే ఆగే స్థితిలో లేడు.

ఆ దిక్కున భూమికి బయానా కట్టినవాడు రిజిస్ట్రేషన్ దాకా ఆగడు. ఆ కాగితాన్నే పైన కొంత వేసుకుని ఇంకొకడికి ఇస్తాడు. వాడు మరొకడికి. లింగస్వామి తన నాలుగు కాగితాలను చాయ హోటల్లో రెండేసి వేలు ఎక్కువకు అమ్మేసి, ఇంకొన్ని రాయించుకోవడానికి మూడింటికి మళ్లీ వచ్చాడు. వెనక ఇరవై మంది ఉన్నారు.

బుధవారానికి బుకింగ్‌లు అరవై దాటాయి. కారు తలుపు ఒక్కరూ తీసి చూడలేదు. ఒకాయన బానెట్ మీద ఫారం పెట్టుకుని సంతకం చేశాడు, అంతే.

"ఒకటో నంబరు కార్నర్ బిట్టా సారు?"

"కార్లకు కార్నర్ ఉండది."

"మరి రోడ్డు మొఖం నంబర్లు ఎన్నున్నయి?"

దివాకర్‌కు భయం పట్టుకుంది. హైదరాబాద్‌లోని పై అధికారి బాలకృష్ణకు ఫోన్ చేశాడు.

"సార్, వీళ్లు కొనేటోళ్లు కాదు. కాయితాలు అమ్ముకునేటోళ్లు."

"మీ వినయమే మీకు అడ్డం దివాకర్ గారూ. ధర ఆరు లక్షల లోపే అనుకున్నాం. మీ నంబర్లు చూసి కంపెనీ మళ్లీ లెక్క వేస్తోంది."

"పెంచొద్దు సార్."

"డిమాండ్ ఉన్నప్పుడు పెంచక ఇంకెప్పుడు పెంచుతారండీ."

ఆ ఫోన్ పెట్టేసి దివాకర్ కుర్చీ ఎక్కి జనానికి నిజం చెప్పాడు. "ఇన్ని కార్లు రావు. అందరు కట్టకున్రి." అది విని చాయ హోటల్లో కాగితం మీది ఎక్కువ ధర రెండు వేల నుంచి ఎనిమిది వేలకు పోయింది. శుక్రవారం తలుపు మీద 'బుకింగ్‌లు ఆపివేయబడినవి' అని బోర్డు పెట్టాడు. ఎక్కువ ఇరవై వేలయింది. కొత్తకోట నుంచి, నార్కట్‌పల్లి నుంచి జీపుల్లో దిగారు. బోర్డు తీయించమని బాలకృష్ణ మండిపడ్డాడు. అండాలు తీసింది.

"ఎందుకొచ్చిన బోర్డు సార్. రేపు పొద్దుగాల చాయ ఇంకో అరవై మందికి పెట్టాలె."

శనివారం సాయంత్రం ఇంటికి పోయేసరికి సుమన ఒక రసీదు తెచ్చి చూపించింది. దాని మీద లింగస్వామి పేరు కొట్టేసి ఆమె పేరు రాసి ఉంది.

"గిదేంది?" అన్నాడు దివాకర్.

"నిన్న స్టాఫ్ రూంల అందరు తీస్కున్నరు. లింగస్వామి తాన నేనూ ఒకటి తీస్కున్న. ఇరువై వేలు ఎక్కువ."

"నన్నడిగితె పదకొండు వేలకే రాసిస్తుంటి గద."

"బంద్ వెట్టినమని బోర్డు వెట్టిందే మీరు. ఇంట్లమనిషికి ఇచ్చిండంటె మీ నౌకరికి మాటొస్తదని అడగలే."

తన మీద ఇంత శ్రద్ధ చూపిన మనిషికి రసీదు తిరిగిచ్చి దివాకర్ చెప్పులు విడిచి కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రానికి బుకింగ్‌లు మూడు వందల నలభై.

సోమవారం పదకొండింటికి ధర వచ్చింది. ఎనిమిది లక్షల నలభై వేలు. దివాకర్ చదివి వినిపించాడు. జనం ఈలలు వేశారు. ఒకాయన మిఠాయి తేవడానికి మనిషిని పంపాడు.

"పెరిగింది గద సారు," అన్నాడాయన. "మేం ముందుగాలనే బయానా గట్టినం. లాభమే గద."

"ఎట్ల లాభం? కాయితం ఉన్నోళ్లు గూడ గంతే కట్టాలె."

"గదెట్ల? బయానా గట్టిన నాటి రేటే నడుస్తది ఏడనైన."

"బయానా గట్టిన నాడు రేటే లేదు పెద్దమనిషీ."

షోరూం నిండా కుర్చీలు జరిగిన చప్పుడు. మిఠాయి డబ్బా వచ్చేసరికి దాన్ని అందుకునేవాడు లేడు, అందరూ వాపసు వరసలో ఉన్నారు. అయిదింటికల్లా మూడు వందల ముప్పై తొమ్మిది కాగితాలు తిరిగొచ్చాయి. ఒక్కోదానికి పదకొండు వేలే. పైన ఇచ్చిన ఎక్కువ సంగతి ఎవరిది వాళ్లు చాయ హోటల్లో తేల్చుకోవాలి.

లింగస్వామి మాత్రం తన కుర్చీలో ప్రశాంతంగా ఉన్నాడు.

"నీ తాన ఒక్కటి గూడ లేదా అన్నా?"

"నువ్వు బోర్డు వెట్టినంక ఉన్నయన్ని అమ్మేసిన సారు. చెల్లెకు ఇచ్చిందే ఆఖరిది. నువ్వు అబద్ధం జెప్పే మనిషివి గావని నాకెర్కనే గద."

ఆ చెల్లె, సుమన, తన కాగితం తిరిగి ఇవ్వనని ఫోన్లోనే తేల్చేసింది. ముప్పై ఒక్క వేలు పెట్టి కొన్నదాన్ని పదకొండు వేలకు ఇచ్చేంత చదువు తాను చదవలేదంది.

ఆరింటికి బాలకృష్ణ ఫోన్ చేశాడు. దివాకర్ లేచి నిలబడి మాట్లాడాడు.

"అన్నీ రద్దయినయి సార్. ఒక్కటే మిగిలింది."

"రద్దులు వేరే సెక్షన్ చూస్తుంది. మేం నిన్నటి లెక్క తీసుకున్నాం. మీ బ్రాంచి మూయడం లేదు."

పదేళ్ల బరువు భుజాల మీద నుంచి దిగినట్టయి దివాకర్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకో మంచి వార్త," అన్నాడు బాలకృష్ణ. "ఆదిలాబాద్‌లో మైనాకు ఒక్క బుకింగ్ కూడా లేదు. అక్కడ డిమాండ్ పుట్టించాలంటే మీరే తగినవారని మేనేజ్‌మెంట్ అనుకుంది. ప్రమోషన్ మీద పంపిస్తున్నాం. ఎల్లుండి చేరిపోండి."

సుమన ఆ వార్త విని తన రసీదు తీసి అతని ముందు పెట్టింది. "ప్రతి శనివారం రావాలంటె బస్సుల పానం వోతది. ఎట్లయిన కారు తీస్కుంటున్నం గద," అంది.

దివాకర్ బ్రోచర్ తెరిచి చూశాడు. ఒకసారి ట్యాంకు నింపితే మైనా కల్వకుర్తి నుంచి ఆదిలాబాద్ దాకా ఆగకుండా పోతుంది. తిరిగి రావడం గురించి మాత్రం కంపెనీ ఏ హామీ ఇవ్వలేదు.