గ్రాఫిక్స్ కార్డు పంకా గర్వభంగం

అది పంతొమ్మిదివందల తొంభైతొమ్మిదో సంవత్సరం. ప్రచండ మార్తాండుడు తన సహస్ర కిరణాలనూ నెల్లూరు జిల్లా పడమటి మెట్టల మీదికే గురిపెట్టి, ఉదయగిరి కొండను పెనంలాగా, ఆత్మకూరు బస్టాండును పొయ్యిలాగా కాలుస్తున్న నడివేసవి. సేనలు కదలక, రక్తం చిందక, అయినా ఒక సంసారాన్ని పునాదులతో సహా కుదిపేసిన మహాసమరాన్ని చెప్పబోతున్నాను. చెవులప్పగించండి. ఆ యుద్ధమంతా చెవుల కోసమే జరిగింది.

ఆత్మకూరులో ఒక జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరరు డేవిడ్‌రాజు ఈ గాథకు నాయకుడు. సంధిసమాస విచ్ఛేదన ధురంధరుడు, ప్రశ్నపత్ర రచనా పంచాననుడు, వేసవి సెలవుల్లో లుంగీమాత్ర కవచధారి. ఆ వీరాగ్రేసరుడు కంప్యూటరు కొనదలచి నెల్లూరు మీదికి దండయాత్ర వెళ్లాడు. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి మామూలు యంత్రం చాలు. కానీ అంగడివాడు, "త్రీడీ కార్డు వేయించుకోండి సార్. మీ ఆత్మకూరులో ఇంకెవురికీ లేదు," అన్నాడు. ఆ చివరి మాట వాడిబాణమై నాయకుడి గుండెలో సూటిగా దిగింది. అలా కొండలను, కోటలను, భయంకర రాక్షసులను తెరమీద సృష్టించగల ఆ గ్రాఫిక్స్ కార్డు ఆత్మకూరు చేరి, ఆయన ఆడుకునే పేకముక్కలను గీస్తూ వనవాసం చేయసాగింది.

ఆ కార్డు నెత్తిమీద, వేడి చల్లార్చడానికి, అరచేతిలో ఇమిడిపోయే పంకా ఒకటి ఉంది. ఆకారం చూసి ఎవరూ మోసపోకూడదు. మెట్ట ప్రాంతపు ఎర్రదుమ్మును భోంచేసి బలిసిన ఆ సూక్ష్మదేహి, కొద్ది నెలల్లోనే కర్ణకఠోర ఘర్ఘరారావాలతో దశదిశలనూ, అనగా ముందుగదినీ వంటగదినీ వసారానూ, దద్దరిల్లజేసింది.

కంప్యూటరు కొలువైన ముందుగదిలోనే, నాయకుడి పేకాట ఒకపక్క సాగుతుండగానే, రోజూ సాయంత్రం ప్రార్థన జరిగేది. జరిపించేది డేవిడ్‌రాజు తల్లి లిదియమ్మ. ఆమె తన వయసులో ఉదయగిరి చుట్టుపట్ల పల్లెలన్నీ కాలినడకన తిరిగి దేవుని వాక్యం చెప్పిన మనిషి. ఆమె గొంతెత్తితే మేకల మందలు సైతం మేత మాని నిలబడేవని చూసినవాళ్లు చెబుతారు. అంతటి కంఠం ఆ బుల్లి పంకా ముందు ఓడిపోయింది. ఒకనాటి సాయంత్రం ఆమె చదువుతున్న కీర్తనను సగంలో ఆపి, కళ్లజోడు తీసింది.

"ఏందిరా అది? కంప్యూటరని చెప్పి రైసుమిల్లు తెచ్చినావా?"

వీరుడి పౌరుషం భగ్గుమంది. లుంగీ ఎగ్గట్టి, సిస్టమ్ పెట్టె ఎదుట నిలిచి గర్జించాడు: "ఓరీ దుర్వినీత వ్యజనాధమా! మాతృవాక్య విఘాతకా! రేపటి సూర్యాస్తమయంలోగా నిన్ను నిశ్శబ్ద సాగరంలో ముంచకపోతే నేను తెలుగు లెక్చరరునే కాను!"

"అరిచింది చాలు గానీ, దాని పీక నొక్కు," అంది లిదియమ్మ.

మర్నాడు ఉదయం మొదటి వ్యూహం బొంత. పెట్టెను ఆపాదమస్తకం దానితో కప్పాడు. శబ్దం నిజంగానే అణిగింది. కానీ లోపల వేడి రాజుకుని, కదులుతున్న ఇస్పేటు రాజు తెర నడుమ గాల్లో నిలిచిపోయాడు, ఎంత బతిమాలినా దిగలేదు. రెండో వ్యూహం మరింత దారుణం. పంకాకు వెళ్లే తీగనే పీకేశాడు. ఆహా, ఏమి నిశ్శబ్దం! విజయగర్వంతో మీసం దువ్వుకుంటుండగానే తెరమీద పచ్చటి చారలు పడి, పేకముక్కలు చీలికలై, ప్లాస్టిక్ కమిలిన వాసన ఇల్లంతా పరచుకుంది. భార్య రూబీ పరుగున వచ్చి మెయిన్ స్విచ్ ఆపకపోతే ఈ కథ వేరే విధంగా ముగిసేది.

పొగ కాస్త సర్దుకున్నాక చూస్తే, లిదియమ్మ చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటూ ఉంది.

"సాయంత్రం బస్సుకు ఉదయగిరి పోతా. మీ అక్క సారా ఇంట్లో ఉంటా."

"అమ్మా! ఈ క్షణిక పరాభవాన్ని చూసి..."

"నీ పద్యాలు నాకొద్దురా. మీ నాయన పోయినాక ఈ గదిలో నా గొంతే నాకు తోడు. అది గూడా వినపడకపోతే నేనీడ ఎందుకు?"

కన్నకూతురి ఇంటికి పోయే తల్లిని సమాసాలతో ఆపడం సాధ్యం కాదని అష్టాదశ వర్ణనలు కంఠస్థమైన ఆ పండితుడికి జీవితంలో మొదటిసారి తెలిసింది. కుర్చీలో కూలబడ్డాడు.

రూబీ వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది. "కుట్టుమిషన్ గీపెడితే నేనేం చేస్తానండీ? దుమ్ము దులిపి నూనె చుక్కేస్తా. దీనికీ అదే చేద్దాం."

"మహత్తర లోకాలను సృష్టించే యంత్రానికి కుట్టుమిషన్ నూనెయా?"

"అది సృష్టించేది పేకముక్కలే కదా. ఆ స్క్రూడ్రైవర్ ఇట్లివ్వండి."

మూడో సంగ్రామంలో దంపతులిద్దరూ దిగారు. కరెంటు తీగ ఊడబెరికి, పెట్టె విప్పి, కార్డును బయటికి తీశారు. రంగుల బ్రష్షుతో రూబీ ఎర్రదుమ్మును ఊడ్చితే, ఆ ధూళిమేఘానికి గురై నాయకుడు తుమ్మిన తుమ్ముకు పక్కింటి కుక్క సమాధానం చెప్పింది. పంకా నడుమనున్న స్టిక్కరును గోటితో లేపి, ఆయన ఇరుసు మీద నూనె చుక్క వదిలాడు. అన్నీ యథాస్థానంలో బిగించి, స్విచ్ వేశారు.

ఘర్ఘరారావం లేదు! సన్నని ఈల ఒకటి, దోమ దూరంగా పాడుతున్నట్టు, మిగిలింది.

లిదియమ్మ సంచి కింద పెట్టి, తల పక్కకు వంచి చాలాసేపు విన్నది.

"ఇంకా ఉండాది."

"కొంచెం ఉంటుందమ్మా. పూర్తిగా పోదు," అన్నాడాయన, నాలుగు చిన్న మాటల్లో.

"పర్లేదులే. దానికన్నా నేనే గట్టి."

ఆ సాయంత్రం ఉదయగిరి బస్సు ఆమె లేకుండానే వెళ్లిపోయింది. ప్రార్థన మొదలైంది. నెలల తరబడి దిగమింగిన కంఠం ఒక్కసారిగా విప్పుకుంది. సారాను, సారా పిల్లలను, సోమశిల డ్యాములో ఊరు మునిగిన చుట్టాలను, వానలు లేని దుత్తలూరు చేలను పేరుపేరునా దేవుడికి అప్పగించింది. అన్నం చల్లారింది, పప్పు గడ్డకట్టింది. ఆఖరున ఆమె గొంతు ఇంకా పెంచింది.

"ప్రభువా, నా కొడుక్కు నోరు ఇచ్చినావు, సంతోషం. వాడికి చెవులు గూడా ఇవ్వు."

ఆ పంకా గోల మొదలైన తర్వాత తల్లి తన కోసం చేసిన ప్రార్థన డేవిడ్‌రాజు పొల్లుపోకుండా వినడం అదే మొదలు. వినండి లోకులారా, చాటండి దిక్కులారా! అరచేతి పంకా మీద అఖండ విజయం సిద్ధించింది. సర్వదుర్మార్గ ధ్వని సంహారకుడైన ఆ మహావీరుడు, తలవంచి, అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాడు.