ఇసుక తిన్నె మీద ఎలుగుల కాపలా

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున, ఈమధ్యే బాగుపడిన ఎలుగుబంట్లు ఉండేవి. బాగుపడ్డాక వాటికి సొంత చెట్ల తేనె ఆనలేదు. ఏటి అవతలి కొండల నుంచి తెప్పించుకోసాగాయి.

ఆ దారిలో ఏటి మధ్య ఒక ఇసుక తిన్నె ఉంది. తాబేళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఎలుగు రాజు తరఫున కొంగ మంత్రి, తాబేళ్ళ పెద్ద డొప్పమ్మ దగ్గరికి వచ్చింది.

"మీ గుడ్లు ముంగిసలు తవ్వుకుపోతున్నాయని విని మా రాజుగారికి ముద్ద దిగడం లేదమ్మా. నలుగురు భటుల్ని పంపుతాం. చిన్న పాక వేసుకుంటారు, అంతే."

"మీ తేనె ఇటే పోతుంది కదా, మంత్రిగారూ?"

"అలాగా? నేను గమనించనేలేదు," అంది కొంగ.

నలుగురన్నవాళ్ళు మందగా దిగారు. ముంగిసలు నిజంగానే పారిపోయాయి. గుడ్లు మాత్రం భటుల కింద పడి చితికాయి. డొప్పమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. కొంగ సంతాపం తెలిపి, పాకను ఇంకాస్త పెంచింది. అది చూసి, ఎలుగులంటే గిట్టని ఏనుగులు శాంతి కోసమని తిన్నె రెండో కొసన తమ పాక వేశాయి.

ఎలుగుల్లో ఒక ఆచారం ఉంది. రాజుగారి తేనెలో విషం ఉందేమోనని దారిలో ప్రతి కాపలావాడూ రుచి చూసి పంపాలి. కాపలా పెరిగేకొద్దీ రుచులూ పెరిగాయి. రాజుకు ఖాళీ తేనెపట్టు చేరింది.

"దొంగలు ఎక్కువయ్యారు. ఇంకా భటుల్ని పంపండి," అన్నాడు రాజు. పంపగా పంపగా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. చివరికి తానే వచ్చాడు.

"దొంగలేరి?"

"ఒక్కరూ రాలేదు దొరా. ఉన్నదంతా మీవాళ్ళే," అంది డొప్పమ్మ.

రాజు మంత్రి వైపు తిరిగాడు. "అయితే వెళ్ళిపోదామా?"

"అమ్మో! ఏనుగులు తిన్నెంతా ఆక్రమిస్తాయి ప్రభూ."

"తేనే రానప్పుడు మనం కాసేదేమిటి?"

"మన పాకల్ని, ప్రభూ."

రాజుకు అది సబబుగానే తోచింది. అక్కడే ఉండిపోయాడు.

డొప్పమ్మ తనవాళ్ళను వెంటేసుకుని ఈదుకుంటూ ఎలుగుల ఒడ్డుకే చేరింది. అడిగే నాథుడు లేడు. ఇసుక మెత్తగా ఉంది. అక్కడ ఎలుగులుంటాయని ముంగిసలకు ఇంకా భయం. ఆ ఏడు పెట్టిన ప్రతి గుడ్డూ పిల్లయింది.

నీతి: మీ ఇంటికి కాపలా కాస్తామని ఎవరైనా వస్తే, మారుమాట్లాడకుండా వెళ్ళి వాళ్ళింట్లో కాపురం పెట్టండి.